220 రోజుల లెక్క: నిఫ్టీలో కాలచక్రాలను నమ్ముకున్న ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడి కేసు

2025 మార్చి మొదటి వారంలో ఆయన నా దగ్గరకు వచ్చినప్పుడు, బ్రోకర్ స్టేట్‌మెంటు కంటే ముందు సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది ఒక గ్రాఫ్ నోటుపుస్తకం. అందులో 2022 నుంచి నిఫ్టీ (50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ) కదలిక అంతా చేత్తో గీసి ఉంది. కనిష్ఠాలకు ఎర్ర చుక్కలు, గరిష్ఠాలకు నీలి చుక్కలు, చుక్కకీ చుక్కకీ నడుమ రోజుల లెక్క. నేను మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ వద్ద నమోదైన పెట్టుబడి సలహాదారుగా పని చేస్తున్నాను. నష్టపోయి వచ్చేవాళ్లలో ఇంత శ్రద్ధగా నష్టపోయిన వ్యక్తిని అంతకుముందు చూడలేదు. ఈ కేసును రాసి పెట్టడానికి కారణం కూడా ఆ శ్రద్ధే. కొలతలో తప్పు లేకపోయినా నిర్ణయం ఎలా తప్పుతుందో ఇందులో అడుగడుగునా కనిపిస్తుంది. ఆయన అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, వయసు, కుటుంబ వివరాలు వదిలేశాను, రూపాయల మొత్తాలను సర్దుబాటు చేశాను. సూచీ అంకెలు, తేదీలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను. ఆయనను ఇక్కడ మాస్టారు అని పిలుస్తాను.

నేపథ్యం

మాస్టారు కోస్తాలోని ఒక జూనియర్ కళాశాలలో మూడు దశాబ్దాలకు పైగా భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశారు. పింఛను వస్తుంది, సొంత ఇల్లు ఉంది, అప్పులు లేవు. విరమణ సమయంలో చేతికొచ్చిన డబ్బులో పెద్ద భాగం బ్యాంకు డిపాజిట్లలోనే ఉంచి, 12 లక్షలు మాత్రం విడిగా తీసి ట్రేడింగ్‌కు కేటాయించుకున్నారు. నిజానికి ఇది చాలామంది చేయని మంచి పని. ఎంత పోయినా ఇంటి ఖర్చుకు ఇబ్బంది రాకుండా గీత గీసుకున్న తరువాతే ఆయన మార్కెట్లోకి దిగారు.

కాలచక్రాల పరిచయం, అంటే మార్కెట్ మలుపులు నిర్ణీత రోజుల దూరంలో మళ్లీ మళ్లీ వస్తాయన్న నమ్మకం, ఆయనకు ఒక ఆన్‌లైన్ కోర్సు ద్వారా కలిగింది. 20వ శతాబ్దపు తొలి భాగంలో అమెరికాలో పేరు పొందిన డబ్ల్యు.డి. గాన్ పద్ధతి ప్రకారం ముఖ్యమైన గరిష్ఠ, కనిష్ఠాల నుంచి 30, 45, 60, 90, 120, 144, 180, 270, 360 రోజుల దూరాలను లెక్కపెట్టడం ఆ కోర్సులో నేర్పారు. దానికి తోడు 1970లో జె.ఎం. హర్స్ట్ ప్రతిపాదించిన నమూనా కూడా చెప్పారు. ధరల కదలిక అనేది ఒకదానిలో ఒకటి ఇమిడిపోయే అనేక చక్రాల మొత్తమనీ, పెద్ద చక్రానికి దాని కింది చక్రంతో సాధారణంగా రెండు రెట్ల సంబంధం ఉంటుందనీ, కనిష్ఠాలు ఒకే సమయంలో కలుస్తాయనీ ఆ నమూనా అంటుంది. లఘులోలకం, అధ్యారోపణ, అనునాదం అంటూ జీవితమంతా నల్లబల్ల మీద తరంగాలు గీసిన మనిషికి ఈ మాటలు ఎంత ఇంపుగా వినిపించి ఉంటాయో ఊహించడం కష్టం కాదు. "మార్కెట్ గురించి చెప్పినవాళ్లలో నా భాషలో మాట్లాడింది వీళ్లేనండీ" అని ఆయన నాతో అన్నారు. కోర్సులో చెప్పినదాన్ని గుడ్డిగా తీసుకోకుండా సొంతంగా కొలవడం మొదలుపెట్టింది కూడా ఈ ఇష్టంతోనే.

వచ్చిన సమస్య

ఆయన కొలిచినది ఇది. నిఫ్టీ 2022 జూన్ 17న 15,183 దగ్గర, 2023 మార్చి 20న 16,828 దగ్గర, 2023 అక్టోబర్ 26న 18,838 దగ్గర, ఎన్నికల ఫలితాల రోజైన 2024 జూన్ 4న 21,281 దగ్గర చెప్పుకోదగిన కనిష్ఠాలు చేసింది. మొదటి రెంటికీ నడుమ 276 రోజులు, తరువాతి రెంటికీ నడుమ 220, చివరి రెంటికీ నడుమ 222. ఎవరు లెక్కపెట్టినా ఇవే అంకెలు వస్తాయి, నేనూ లెక్కపెట్టి చూశాను. 220, 222 పక్కపక్కన కనిపించిన క్షణంలో ఆయనకు కలిగిన ఉత్సాహం నాకు అర్థమైంది. ప్రయోగశాలలో లోలకం ఆవర్తన కాలాన్ని రెండుసార్లు కొలిస్తే ఒక్క శాతం తేడాలోపు వచ్చినట్టే ఉంది. 276ను ఆయన పాత పరిస్థితులకు చెందినదని పక్కన పెట్టారు.

ఆ రెంటి సగటు 221. 2024 జూన్ 4కు 221 రోజులు కలిపితే 2025 జనవరి 11 వస్తుంది. అది శనివారం. కాబట్టి సోమవారం, అంటే జనవరి 13, కనిష్ఠం కావాలి. అంతకుముందు సెప్టెంబర్ 27న 26,277 దాకా వెళ్లిన సూచీ విదేశీ సంస్థల అమ్మకాల ఒత్తిడికి అప్పటికే 2,800 పాయింట్లకు పైగా దిగజారి ఉంది. సరిగ్గా జనవరి 13న మరో 345 పాయింట్లు పడి 23,086 వద్ద ముగిసింది. రెండు నెలల ముందే నోటుపుస్తకంలో రాసుకున్న తేదీన మార్కెట్ భయంతో పడుతుంటే, ఆ తేదీని నమ్మకుండా ఉండాలంటే గుండె రాయి చేసుకోవాలి. మరునాడు ఆయన ఫిబ్రవరి ఫ్యూచర్స్ (పూర్తి విలువ కాక కొంత మార్జిన్ మాత్రమే కట్టి, ఫిబ్రవరిలో తీరేలా సూచీని కొనే ఒప్పందాలు) నాలుగు లాట్లు, సూచీ లెక్కలో సుమారు 23,200 దగ్గర కొన్నారు. సెబీ 2024 అక్టోబర్‌లో ఇచ్చిన ఆదేశాల తరువాత నిఫ్టీ లాట్, అంటే కొనగలిగే కనీస పరిమాణం, 25 యూనిట్ల నుంచి 75కు పెరిగింది. కనుక నాలుగు లాట్లంటే 300 యూనిట్లు, దాదాపు 70 లక్షల రూపాయల విలువైన పొజిషన్. 12 లక్షల మూలధనం మీద అది ఆరు రెట్లకు దగ్గర.

స్టాప్‌లాస్, అంటే ధర ఒక స్థాయికి పడగానే అమ్మేయమనే ఆర్డర్, పెట్టలేదు. ఎందుకని అడిగితే ఆయన ఇచ్చిన జవాబు ఈ కేసుకు కీలకం: "కనిష్ఠం వచ్చేసిందని కాలం చెబుతున్నప్పుడు, ధర ఇంకా పడుతుందేమోనని కంచె వేసుకోవడమంటే లెక్కను నేనే నమ్మనట్టు కదండీ."

ఫిబ్రవరి 4న సూచీ 23,739 వద్ద ముగిసినప్పుడు ఆయనకు లక్షన్నరకు పైగా లాభం కనిపించింది. చక్రంలో సగం, అంటే 110 రోజులు పెరుగుదల ఉండాలని లెక్క కనుక మే మొదటి వారం దాకా ఆగాలనుకున్నారు. ఆ తరువాత మార్కెట్ దిగుతూనే పోయింది. ఫిబ్రవరి సిరీస్ ముగిసేటప్పుడు పొజిషన్‌ను మార్చికి రోలోవర్ చేశారు, అంటే ఫిబ్రవరి ఒప్పందం అమ్మి మార్చిది కొన్నారు. నిఫ్టీ వరుసగా ఐదో నెల నష్టంతో ముగిసిన ఫిబ్రవరి 28న, 22,150 ప్రాంతంలో అన్నీ అమ్మేశారు. ఖర్చులతో కలిపి నష్టం 3 లక్షల 20 వేలు. నా దగ్గరకు వచ్చింది ఆ తరువాతి వారం.

ఆయన అడిగిన ప్రశ్న మాత్రం డబ్బు గురించి కాదు. "నా కొలతలో తప్పెక్కడుందో చెప్పండి."

మొదట ప్రయత్నించినది

అప్పుడు నాకు రెండు దారులు కనిపించాయి. కాలచక్రాలన్నీ వట్టి భ్రమ, మానేయండి అని చెప్పి పంపించడం ఒకటి. అలా చెప్పి పంపిన వాళ్లు సలహాదారును మారుస్తారు తప్ప పద్ధతిని మార్చరని అనుభవంలో తెలుసు. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఈక్విటీ ఫ్యూచర్స్, ఆప్షన్లలో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటిందని సెబీ అధ్యయనం చెప్పింది. ఆ అంకె మాస్టారికి నాకంటే బాగా తెలుసు. అలాంటి అంకె విని ఆగే మనిషి అప్పటికే ఆగి ఉండేవారు. రెండో దారి, ఆయన అడిగిన ప్రశ్నకే ఆయన భాషలో సమాధానం చెప్పడం. నేను దాన్నే ఎంచుకున్నాను.

తప్పు కొలతలో లేదు, దోషపు అంచనాలో ఉంది. ప్రయోగశాలలో ఏ కొలతనైనా "ఇంత, ఇంత అటూ ఇటూ" అని రాయమని పిల్లలకు నేర్పిన ఆయన, ఇక్కడ ఆ "అటూ ఇటూ"ను వదిలేశారు. 276, 220, 222 మూడింటినీ తీసుకుంటే సగటు 239 రోజులు, ప్రామాణిక విచలనం (విలువలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) దాదాపు 32 రోజులు. మూడే మూడు కొలతలు ఉన్నప్పుడు తరువాతి విలువ ఎక్కడ పడుతుందో 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే వ్యాప్తి ఇరుపక్కలా సుమారు 158 రోజులు అవుతుంది. అంటే తరువాతి కనిష్ఠం 81వ రోజు నుంచి 397వ రోజు లోపు ఎప్పుడైనా రావచ్చు. తేదీల్లో చెప్పాలంటే 2024 ఆగస్టు 24 నుంచి 2025 జూలై 6 వరకు. జనవరి 13 అని ఆయన రాసుకున్న చోట నిజాయితీగా రాయవలసినది దాదాపు పది నెలల కిటికీ, అంటే కనిష్ఠం ఎప్పుడైనా రాగల వ్యవధి. నాలుగు లాట్ల ఫ్యూచర్స్ పది నెలల అనిశ్చితిని మోయలేవు.

ఈ లెక్క కాగితం మీద వేసి ఇచ్చాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, స్టూడెంట్ టీ విలువల పట్టికను కూడా సరిచూసుకుని, ఒప్పుకున్నారు. 276ను తీసేయడానికి తన దగ్గర ఉన్న ఏకైక కారణం మిగిలిన రెండూ అందంగా కుదరడమేనని ఆయనే అన్నారు.

గాన్ తేదీల విషయంలోనూ ఇలాంటిదే మరో లెక్క చూపించాను. ఒక ఏడాదిలో ముఖ్యమైనవని మనం గుర్తించే మలుపులు ఎనిమిదనుకుందాం. ఒక్కోదాని నుంచి పది దూరాలు లెక్కపెడితే ఎనభై తేదీలు. ప్రతి తేదీకి మూడు రోజులు అటూ ఇటూ వెసులుబాటు ఇస్తే, అవి యాదృచ్ఛికంగా పరచుకున్నా ఏడాదిలో ఐదింట దాదాపు నాలుగు రోజులు ఏదో ఒక గాన్ తేదీ నీడలో పడతాయి. మార్కెట్ ఎప్పుడు మలుపు తిరిగినా చక్రం ముందే చెప్పిందని అనడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇక్కడిదాకా బాగానే సాగింది. నా పొరపాటు ఆ తరువాత జరిగింది.

విఫలమైనది

మార్చి మూడో వారంలో మాస్టారు మళ్లీ వచ్చారు. నిఫ్టీ మార్చి 4న 21,965 దాకా పడి అక్కడి నుంచి కోలుకుంది. 2024 జూన్ 4 నుంచి 2025 మార్చి 4కు సరిగ్గా 273 రోజులు. హర్స్ట్ నమూనాలో 40 వారాల చక్రంగా పిలిచేదాని నామమాత్రపు పొడవు 272.8 రోజులు. మొదటి విరామం 276 కూడా దాని దగ్గరే ఉంది. "అసలు చక్రం ఇదీ, నేను 220 దగ్గర ఆగిపోయానండీ" అన్నారు. రెండు వారాల క్రితం మూడు కొలతలతో ఏమీ చెప్పలేమని ఒప్పుకున్న మనిషే ఈ మాట అన్నారని నేను గమనించాను, కానీ గట్టిగా నిలబడలేదు. చక్రం విఫలమైనప్పుడు దాన్ని వదిలేయకుండా వేరే పొడవున్న చక్రంతో భర్తీ చేయడం ఈ పద్ధతిలో అన్నిటికంటే సులువైన పని. హర్స్ట్ స్వయంగా చక్రాల పొడవు మారుతూ ఉంటుందని చెప్పాడు కనుక, ఆ మార్పు పేరుతో ఏ అంకెనైనా లోపలికి రానివ్వవచ్చు.

నేను ఎందుకు సరేనన్నానో రాయాలి. వద్దంటే చెప్పకుండా చేస్తారని, చెప్పి చేస్తే కనీసం పరిమాణాన్ని అదుపులో పెట్టవచ్చని అనుకున్నాను. అదీగాక ఈసారి ధర వైపు నుంచి కూడా కొంత ఆధారం ఉంది. సూచీ తన గత 20 రోజుల ముగింపుల సగటును దాటి పైన ముగిసింది. అందుకని మూడు షరతులు పెట్టాం: ఒక్కటే లాట్, ధర నిర్ధారణ తరువాతే ప్రవేశం, 22,700 దగ్గర స్టాప్‌లాస్. మార్చి 20 ప్రాంతంలో సుమారు 23,200 దగ్గర ఆయన కొన్నారు. నష్టం 500 పాయింట్లకు, అంటే 37,500 రూపాయలకు పరిమితమవుతుందని కాగితం మీద రాసుకున్నాం. మిగిలిన 8 లక్షల 80 వేలలో అది నాలుగు శాతానికి పైనే. ఒక ట్రేడుకు రెండు శాతం మించకూడదన్నది నా నియమం. ఫ్యూచర్స్‌లో ఒక లాటు కంటే తక్కువ కొనలేం కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నియమానికి పనిముట్టు సరిపోకపోతే మార్చవలసింది పనిముట్టునే. నేను మార్చింది నియమాన్ని.

మార్చి 25న సూచీ 23,869ని తాకింది. ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ప్రతీకార సుంకాలను ప్రకటించారు. ఏప్రిల్ 4, శుక్రవారం నిఫ్టీ 22,904 వద్ద ముగిసింది, అంటే మా స్టాప్‌లాస్‌కు ఇంకా పైనే ఉంది. సోమవారం ఏప్రిల్ 7 ఉదయం 9:15కు మార్కెట్ తెరుచుకున్నదే 21,758 దగ్గర. 22,700 అనే అంకె గుండా మార్కెట్ అసలు ప్రయాణించలేదు, దాని మీదుగా దూకేసింది. మాస్టారి లాట్ 21,800 దగ్గర అమ్ముడైంది. 1,400 పాయింట్లు, 75 యూనిట్లు, లక్షా ఐదు వేల నష్టం. అదే రోజు సూచీ కోలుకుని 22,162 వద్ద ముగిసింది, పది రోజుల్లో 23,850కి వచ్చింది. స్టాప్‌లాస్ అమలైన చోటే ఆ ఏడాది కనిష్ఠానికి అత్యంత సమీపమైన చోటు.

మొదటి నష్టం మాస్టారిది. ఈ రెండోది నాది కూడా. రాత్రికి రాత్రి, లేదా శని ఆదివారాల్లో వచ్చే వార్తకు స్టాప్‌లాస్ ఆర్డర్ కంచె కాదన్నది ఈ వృత్తిలో మొదటి పాఠం. కాలాన్ని ఆధారం చేసుకుని వారాల తరబడి పట్టుకునే పొజిషన్ అన్ని వారాంతాలనూ దాటాలి కనుక ఆ ప్రమాదం దానికి మరీ ఎక్కువ. చక్రం గురించి వాదించడంలో మునిగి నేను ఈ సంగతిని పక్కకు నెట్టాను. ఆ నెల నా సలహా రుసుము తీసుకోలేదు. దానివల్ల ఆయన నష్టం పూడలేదు గానీ, మా మధ్య మాట్లాడుకునే చనువు మిగిలింది.

పని చేసినది

ఏప్రిల్ చివర్లో నేను ఆయనకు ఒక పని అప్పగించాను. 2022 నుంచి నిఫ్టీ రోజువారీ శాతం మార్పులను కంప్యూటర్ షీట్‌లో పెట్టి, పేకముక్కల్లా కలిపి, కొత్త వరుసలో కూడుకుంటూ పదకొండు కృత్రిమ చార్టులు తయారు చేయమన్నాను. అసలు చార్టును కూడా వాటితో కలిపి, తేదీలు, అంకెలు లేకుండా పన్నెండు కాగితాలు ముద్రించాం. ఏది అసలో ఇద్దరికీ తెలియకుండా వాళ్ల మనవరాలు కాగితాల వెనక సంకేతాలు రాసింది. మాస్టారు ఒక్కోదానిలో కనిష్ఠాలు గుర్తించి చక్రం కొలవాలి.

ఈ ఆలోచన నాది కాదు. 1927లో సోవియట్ గణాంకవేత్త యూజెన్ స్లుట్‌స్కీ ప్రభుత్వ లాటరీ డ్రాల్లో వచ్చిన అంకెలను తీసుకుని, వాటికి కదిలే మొత్తాలు (వరుసలో ఒక్కో అడుగు జరుగుతూ పక్కపక్క అంకెలను కూడడం) కట్టి చూశాడు. వచ్చిన గీత 19వ శతాబ్దపు ఇంగ్లండ్ వ్యాపార చక్రాల సూచీని పోలి ఉంది. కారణమంటూ లేని అంకెలను కూడబెట్టినా, సగటు కట్టినా అలలు పుడతాయి. ధర అనేదే రోజువారీ మార్పుల కూడిక. దాని మీద కదిలే సగటు గీసినప్పుడు ఆ అలలు మరింత నునుపుగా, చక్రాల్లా కనిపిస్తాయి.

మాస్టారికి పన్నెండు కాగితాల్లోనూ చక్రాలు దొరికాయి. ఐదో కాగితంలో దొరికినది నిఫ్టీ 220 కంటే చక్కగా ఉందని ఆయనే రాసుకున్నారు. అసలు చార్టు ఏదో గుర్తుపట్టమంటే ఇద్దరం చెరొకటి చెప్పాం, రెండూ తప్పే. పదిహేనేళ్లుగా నిఫ్టీ చార్టులు చూస్తున్న నాకు అది కొంచెం నామోషీగానే అనిపించింది. ఈ పరీక్ష చక్రాలు లేవని రుజువు చేయదు. చక్రం నిజంగా ఉంటే కలిపేసిన చార్టుల నుంచి అసలుది విడిగా నిలబడి కనిపించాలి, మా కంటికి అలా కనిపించలేదు. అంతవరకే దాని అర్థం. ఆయన మీద మాత్రం నా ప్రామాణిక విచలనం లెక్క చూపని ప్రభావాన్ని ఇది చూపింది, ఎందుకంటే చక్రాన్ని ఆయన చేతులే తయారుచేశాయి, ఆయన కళ్లే కనుగొన్నాయి.

కదిలే సగటు గురించి మరో చిక్కు కూడా అప్పుడే బయటపడింది. హర్స్ట్ పద్ధతిలో సగటును మధ్యకు జరిపి గీస్తారు. 220 క్యాలెండర్ రోజులంటే సుమారు 150 ట్రేడింగ్ రోజులు. 150 రోజుల సగటును మధ్యకు జరిపితే చివరి 75 రోజులకు గీత ఉండదు. గడిచిన కాలంలో చక్రం అద్దంలా కనిపిస్తుంది, నిర్ణయం తీసుకోవలసిన ఈ మూడున్నర నెలల్లో మాత్రం ఖాళీ. ఆ ఖాళీని చేత్తో పొడిగించి గీసేటప్పుడు మనం చూస్తున్నది మార్కెట్‌ను కాదు, మన ఆశను.

దీని తరువాత ఏం చేయాలన్న దగ్గర మాస్టారే ఒక మాట అన్నారు. వాళ్లది వ్యవసాయ కుటుంబం. "మా నాన్న కార్తె చూసి దుక్కి సిద్ధం చేసేవాడు గానీ, విత్తనం వేసింది మాత్రం వాన పడ్డాకేనండీ. మృగశిర వచ్చిందని పొడి నేలలో గింజలు చల్లలేదు." మా ఒప్పందమంతా ఈ మాట చుట్టూనే అల్లాం. కార్తెకు వెనక సూర్యగమనం ఉంది, రుతుపవనం ఉంది. అయినా రైతు దాన్ని సిద్ధపడే సమయంగానే వాడాడు. కారణం తెలియని 220కి అంతకంటే ఎక్కువ గౌరవం ఇవ్వనవసరం లేదు.

కారణం తెలిసిన కాలాలు మార్కెట్లో లేకపోలేదు. కంపెనీల ఫలితాల సీజన్, రెండు నెలలకోసారి జరిగే రిజర్వ్ బ్యాంక్ ద్రవ్య విధాన సమీక్ష, ఏడాదికి ఎనిమిదిసార్లు జరిగే అమెరికా ఫెడరల్ రిజర్వ్ సమావేశాలు, ఫిబ్రవరి 1 బడ్జెట్, ఆప్షన్ల ఎక్స్‌పైరీ (ఒప్పందాల గడువు తీరే రోజు). ఇవి ఒడిదుడుకులు ఎప్పుడు పెరగవచ్చో చెబుతాయి, ఏ దిక్కుకో చెప్పవు. పైగా ఇవి మనుషులు పెట్టినవి కనుక మనుషులే మారుస్తారు. మాస్టారి పాత నోటుపుస్తకంలో "గురువారపు చక్రం" అని ఒక పేజీ ఉండేది. నిఫ్టీ వారపు ఎక్స్‌పైరీ గురువారం నుంచి మంగళవారానికి 2025 సెప్టెంబర్ 1 నుంచి మారింది. ఆయన ఆ పేజీ మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన "కారణం మారింది, చక్రం మారింది" అని రాసి నాకు ఫోటో పంపారు.

డబ్బు విషయంలో చేసిన మార్పులు ఇవి. మిగిలిన 7 లక్షల 75 వేలలో 5 లక్షల 75 వేలను తేదీలతో సంబంధం లేకుండా నెలనెలా ఇండెక్స్ ఫండ్‌లోకి మళ్లించాం. 2 లక్షలు ట్రేడింగ్‌కు ఉంచాం. ఫ్యూచర్స్ పూర్తిగా మానేశారు. ప్రవేశం నచ్చినప్పుడు కాల్ స్ప్రెడ్ మాత్రమే, అంటే ఒక కాల్ (సూచీని నిర్ణీత ధరకు కొనే హక్కు) కొని దానికి పై ధరలో మరొకటి అమ్మడం. చెల్లించిన ప్రీమియం తేడాయే గరిష్ఠ నష్టం, అది 4,000 దాటకూడదు. వారాంతంలో మార్కెట్ వెయ్యి పాయింట్లు దూకినా ఆ అంకె మారదు. ఏప్రిల్ 7 నాకు నేర్పిన దానికి ఇదే జవాబు.

కాలచక్రాన్ని తీసేయలేదు. దానికి కొత్త ఉద్యోగం ఇచ్చాం. ఆయన నోటుపుస్తకంలో ముందుగానే మూడు విషయాలు సిరాతో రాయాలి: కిటికీ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏం జరిగితే కనిష్ఠం వచ్చినట్టు, ఏం జరిగితే లెక్క తప్పినట్టు. రాసిన తరువాత దిద్దకూడదు. కిటికీ బయట కొత్త ట్రేడు లేదు. కిటికీ లోపల కూడా సూచీ 20 రోజుల సగటు పైన ముగిస్తేనే ప్రవేశం.

ఏప్రిల్ 7 కనిష్ఠాన్ని చేర్చి మళ్లీ లెక్కవేశాం. కొత్త విరామం 307 రోజులు. ఇప్పుడు నాలుగు విలువల సగటు 256, విచలనం 43. కొలతలు పెరిగితే సాధారణంగా అంచనా బిగుసుకోవాలి. ఇక్కడ విచలనం పెరిగింది, కిటికీ వెడల్పు దాదాపు అలాగే ఉంది: 2025 జూలై 20 నుంచి 2026 మే 20 వరకు. చక్రం ఉందనుకునేవాళ్లకు ఇది శుభసూచన కాదని ఆయనకు నేను చెప్పనవసరం లేకపోయింది. అయినా పాత 220ను పూర్తిగా వదలబుద్ధి కాలేదు. నిలబడుతుందో లేదో చూడడానికి డబ్బు పెట్టకుండా ఒక పరీక్ష రాశారు. ఏప్రిల్ 7కు 220 కలిపితే నవంబర్ 13. ఆ తేదీకి ఐదు రోజులు అటూ ఇటూ, అంతకుముందు నెల రోజుల్లో లేని కనిష్ఠం రావాలి, లేకపోతే తప్పు.

ఎనిమిది నెలల తరువాత

ఏప్రిల్ చివరి నుంచి డిసెంబర్ వరకు ఆయన చేసిన ట్రేడులు తొమ్మిది. అంతకుముందు ఆరు నెలల్లో చేసినవి అరవై దాటాయి. ఈ తొమ్మిదిలో నాలుగు లాభం, ఐదు నష్టం. ఖర్చులు పోను మొత్తం ఇంచుమించు సున్నా. తొమ్మిది ట్రేడుల నుంచి ఏ పద్ధతి గురించీ తీర్పు చెప్పలేం. లాభించిన నాలుగింటిలో కాలం పాత్ర ఎంత, 20 రోజుల సగటు పాత్ర ఎంత అని విడదీసి చూశాను. సగటును మాత్రమే పాటించి కాలాన్ని పట్టించుకోకపోయినా దాదాపు అవే నాలుగు లాభించేవి.

అయితే అరవై నుంచి తొమ్మిదికి తగ్గించింది మాత్రం కిటికీయే. "ఇది తేదీ కాదు" అన్న ఒక్క కారణంతో ఆయన ట్రేడింగ్ టెర్మినల్ తెరవని రోజులు వందకు పైగా ఉన్నాయి. నేను చెప్పిన ఏ నియమమూ ఆయనను అంతకాలం ఆపి ఉండేది కాదు. నియమం బయటి నుంచి వచ్చిందంటే ఆయన దానితో వాదిస్తారు. తన నోటుపుస్తకంతో వాదించరు. కాలచక్రానికి అంచనా శక్తి ఉందని నేను ఎక్కడా ఒప్పుకోలేదు. కానీ ఈ మనిషి విషయంలో దాన్ని తాళంగా వాడుకోవచ్చని గ్రహించడానికి నాకు లక్షా ఐదు వేల నష్టం, అదీ ఆయన డబ్బుతో, అవసరమైంది. ఇదే స్వభావం ఉన్న మరొకరు వస్తే మొదటి రోజే ఫ్యూచర్స్ ఆపించి, పన్నెండు కాగితాల పరీక్షతో మొదలుపెడతాను, ప్రామాణిక విచలనం లెక్క ఆ తరువాత వేస్తాను. చార్టు అంటే ఆసక్తి లేని, అంకెల మీద ప్రేమ లేని క్లయింటుకు ఈ దారి పనికిరాదని కూడా అనుకుంటున్నాను. అలాంటివారికి కిటికీ ఇస్తే అది తాళం కాదు, మరో టిప్ అవుతుంది.

నవంబర్ 13న నిఫ్టీ 25,900 సమీపంలో ముగిసింది. రాసుకున్న కనిష్ఠం రాలేదు. సూచీ పైకే వెళ్లి నవంబర్ 27న 26,310తో కొత్త రికార్డు నెలకొల్పింది. ఆ వారం మాస్టారు పంపిన ఫోటోలో, సిరాతో రాసిన నవంబర్ 13 పక్కన పరీక్ష పేపర్లు దిద్దే ఎర్ర సిరాతో సున్నా మార్కులు వేసి, చుట్టూ గుండ్రంగా గీసి ఉంది. దాని కింద పెన్సిల్‌తో ఇంకో వరుస మొదలైంది: "మే 20 దాకా చూడాలి. లాట్లు: 0."